నక్క తలల పటాలం

కుట్టు గది,
మంగళవారం

అమ్మడూ,

ఉత్తరం చూసి గాభరా పడకు. నా ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళు మాత్రం వాటి పాట అవి పాడుతున్నాయి. ఫోనులో చెప్పొచ్చుగా అంటావని తెలుసు. ఎలా చెప్పను తల్లీ? మీ తమ్ముడి గదికీ నా గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ఉల్లిపొర. ఇటు నేను తుమ్మితే అటు వాడు దుప్పటి కప్పుకుంటాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం ఏమిటంటే, వాడు బొమ్మలకు రంగులు వేస్తున్నాడు!

నవ్వకు. ముందు చదువు. వాడి బస్సులో పనిచేసిన కండక్టరు ఉన్నాడే, బుగ్గ మీద గాటు, పెద్ద గొంతు, అతను పోయిన వారం ఒక పెట్టె తెచ్చి వాడి మంచం మీద పడేశాడు. 'అన్నా, మా ఆటగాళ్ళకు ఒక పటాలం తక్కువైంది. నువ్వు రంగు వేసిపెట్టు. నా చేతికిస్తే నక్కలు కాస్తా బూడిద గుమ్మడికాయలవుతాయి' అన్నాడు. పెట్టెలో ఏముందనుకున్నావ్? బొటనవేలంత సైనికులు. మనిషి ఒళ్ళు, నక్క తల. ఒక చేతిలో బల్లెం, ఇంకో చేతిలో డాలు. నడుముకు పటకా, పటకాకు కట్టు, ఆ కట్టుకు మళ్ళీ ముడి! ఇరవై మంది. సైకిల్ షాపు మేడ మీద పెద్దవాళ్ళే చేరి బల్ల మీద ఇలాంటి సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలాడతారట. మంత్రగాళ్ళూ, రాతి మనుషులూ అందరూ ఉంటారట అందులో.

వాడు ఎప్పటిలాగే 'సరే' అన్నాడు. నీకు తెలుసుగా ఆ సరే. వానలో బస్సు జారి గోడకు కొట్టుకున్న రోజు నుంచి వాడి నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. దెబ్బలు తగిలినవాళ్ళందరూ కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు, విచారణ పెట్టినవాళ్ళు నీ తప్పేం లేదని కాగితమిచ్చారు, డిపోవాళ్ళు ఎప్పుడైనా రమ్మన్నారు. వీడు మాత్రం ఇంకా ఆ గోడ దగ్గరే ఉన్నాడు. బండి తోలడం సంగతి దేవుడెరుగు, బస్సెక్కడు కూడా. ఎక్కడికైనా నడకే. అన్నం తింటావా, సరే. వాన వస్తోందిరా, సరే.

కానీ అమ్మడూ, నిన్న నా దగ్గరకొచ్చి నిలబడి, 'నాన్నా, ఖాళీ దారపు రీళ్ళున్నాయా?' అని అడిగాడు. అడిగాడు! ఉన్నవన్నీ దోసిట్లో పోశాను. ఒక్కో రీలు మీద ఒక్కో బొమ్మను అంటించాడు. రీలు పట్టుకుని తిప్పుకుంటే బొమ్మకు చెయ్యి తగలదట. ఎంత తెలివో చూడు!

ఒక్కటే అడుగుతున్నాను. అల్లుడుగారు పనిచేసే గోడౌనులో వాడికి చూసిన కుర్చీ కొన్నాళ్ళు ఆపించగలవా?

సంతోషం పట్టలేక వంకర అక్షరాలు రాస్తున్న
మీ నాన్న

*

గోడౌను ఆఫీసు,
శుక్రవారం

నాన్నా,

నీ ఉత్తరం మీ అల్లుడికి చదివి వినిపించాను. రీళ్ళ దాకా వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'మీ నాన్నగారు ఇంత ఆనందంగా మన పెళ్ళికి కూడా లేరు' అన్నారు.

వెక్కిరిస్తున్నానని అనుకోకు. కానీ నాన్నా, వాడికి నలభై నిండాయి. తల నెరిసినవాడు గదిలో కూర్చుని నక్క బొమ్మలకు రంగులద్దుతుంటే నువ్వు చప్పట్లు కొడుతున్నావు. వాడు అన్నప్రాశన నాడు పెన్ను పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే కలెక్టరైపోయాడన్నావు.

కుర్చీ ఎల్లకాలం ఆగదు. వచ్చే సరుకు, పోయే సరుకు చూసుకోవడం, అంతే పని. నెలాఖరు దాకా యజమానిని ఆపగలనని ఆయన అన్నారు. ఇక్కడ నా కళ్ళెదుట ఉంటాడు, నాలుగు మొహాలు చూస్తాడు. నేను ఫోనులో అడిగితే వాడు సరే అన్నాడు కదా, మధ్యలో నీ అడ్డుపుల్ల ఏమిటి?

మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నావా? రాసుకోవు. నాకు తెలుసు.

నీ కూతురు

*

కుట్టు గది,
బుధవారం

అమ్మడూ,

వాడు సరే అనడమే నా భయం తల్లీ. నీ దగ్గరకొస్తే బుద్ధిగా వస్తాడు, చూపించిన కుర్చీలో కూర్చుంటాడు. సాయంత్రం తాళం వేసేటప్పుడు మీరే లేపాలి. గోడౌనులో ఒక బస్తా ఎక్కువవుతుంది, అంతే.

అది పక్కన పెట్టు. వాడి పని చూడాలమ్మా నువ్వు! మొదట మేడ మీదకు తీసుకెళ్ళి అందరికీ నల్లరంగు కొట్టాడు. పక్కింటివాళ్ళ దుప్పటి మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆవిడ వచ్చి, 'మీ అబ్బాయి మా దుప్పటికి దిష్టిచుక్క పెట్టాడు' అని దులిపేసి వెళ్ళింది. నేను పళ్ళికిలించి నిలబడ్డాను. కొత్త దుప్పటి అంచు ఉచితంగా కుట్టిస్తానని ఒప్పుకోవలసి వచ్చింది.

తర్వాత అసలు పని. ఒక బొమ్మ పూర్తిచేసి ఇంకో బొమ్మ ముట్టుకుంటాడనుకున్నా. కాదు! ఇరవై మందికీ ముందు చొక్కాలు. ఆ తర్వాత ఇరవై మందికీ పటకాలు. ఆ తర్వాత ఇరవై మందికీ బూట్లు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే నా గుండె ఆగినంత పనైంది. బ్యాండువాళ్ళకు కోట్లు కుట్టేటప్పుడు నేను చేసిన పద్ధతే కదా ఇది? ముందు కాలర్లన్నీ, తర్వాత చేతులన్నీ! వాడికి ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. చిన్నప్పుడు మిషను దగ్గరకు రమ్మంటే పారిపోయేవాడు. పారిపోతూనే చూసినట్టున్నాడు.

పదో చొక్కా దగ్గర వాడి భుజాలు జారడం చూశాను. లోపలికెళ్ళి, 'ఒరేయ్, పదో కాలరు దగ్గర ప్రతి దర్జీకీ సన్యాసం గుర్తొస్తుంది. పదకొండోది దాటితే మళ్ళీ సంసారంలో పడతాడు' అన్నాను. వాడు తలెత్తకుండానే, 'నీకు ఎన్నోదాని దగ్గర గుర్తొచ్చేది?' అన్నాడు. 'నాకు మొదటిదాని దగ్గరే' అన్నాను. మూతి కాస్త కదిలింది. నవ్వని అనను. నవ్వుకు కొలతలు తీసినట్టు అనుకో.

రంగును నీళ్ళతో పాలలాగా పలచన చేస్తాడు. ఒకసారి వేసి ఆరనిచ్చి మళ్ళీ వేస్తాడు. చిక్కగా వేస్తే మడతలు పూడిపోతాయట. ఎర్ర చొక్కాలు నిగనిగలాడుతుంటే నేను మురిసిపోయి వీధిలోకి వెళ్ళొచ్చాను. తిరిగొచ్చేసరికి వాటి మీద మురికినీళ్ళలాంటి గోధుమరంగు పోసేశాడు! నా ప్రాణం ఉసూరుమంది. ఆరాక చూద్దును కదా, ఆ నీళ్ళన్నీ మడతల్లోకి దిగి, ప్రతి కుచ్చూ విడివిడిగా లేచి నిలబడింది. ముప్పావు అంగుళం చొక్కాకు అన్ని కుచ్చులు! నేను జన్మలో అంత బాగా కుచ్చులు పెట్టలేదమ్మా. ఒట్టు.

ఆ సైకిల్ షాపు మేడ మీదివాళ్ళకు ఒక నియమముందట. రంగు లేని సైన్యం బల్ల ఎక్కకూడదు. నెలాఖరు ఆదివారం పెద్ద ఆట. కండక్టరు వచ్చి, 'పటాలం నాది, నడిపేది నువ్వే' అన్నాడు. వాడేమన్నాడో తెలుసా? సరే అనలేదు. 'చూద్దాం' అన్నాడు! ఆ రెండు మాటలకూ ఉన్న దూరం నీకు అర్థమవుతోందా?

నీ పిచ్చి నాన్న

*

కుట్టు గది,
సోమవారం

అమ్మడూ,

అంతా బాగానే ఉంది. రెండు రోజులుగా ముసురు. పని సాగుతోంది. మోకాళ్ళకు నూనె రాసుకున్నాను.

నాన్న

*

గోడౌను ఆఫీసు,
గురువారం

నాన్నా,

ఎవరి చొక్కా కాల్చావు?

కవరు పగిలేలా రాసేవాడివి, ఈసారి నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. పైగా అడక్కుండానే నూనె సంగతి. చిన్నప్పుడు నా స్కూలు గౌను మీద ఇస్త్రీపెట్టె మర్చిపోయిన రోజు కూడా ఇలాగే, ఇంటికి రాగానే 'అమ్మడూ, చేతులు కడుక్కున్నావా?' అని మర్యాదగా అడిగావు. ఏం చేశావో వెంటనే రాయి. తమ్ముడికి ఏమైనా అయిందా?

నీ కూతురు

*

కుట్టు గది,
ఆదివారం

అమ్మడూ, బంగారుతల్లీ,

నన్ను వాడు తిట్టాడమ్మా!

ఉండు, వరసగా చెబుతాను.

పోయిన సోమవారం, ముసురు పట్టి డాళ్ళ మీద రంగు ఆరడం లేదు. వాడు స్నానానికి వెళ్ళాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కుట్టు వేసిన ప్రతిసారీ ఇస్త్రీ చెయ్యాలి, అప్పుడే గుడ్డ కుదురుకుంటుంది, అది నా జన్మకు అంటిన పాఠం. వేడి తగిలితే రంగు కుదురుకోదా? నలుగురు సైనికుల్ని తెచ్చి ఇస్త్రీబల్ల మీద, కాగుతున్న పెట్టె పక్కన నిలబెట్టాను. ఎండలో కూర్చోబెట్టినట్టే కదా అనుకున్నా. ఇంతలో పక్కింటావిడ దుప్పటి అంచు గుర్తుచేయడానికి వచ్చింది. మాటల్లో పడ్డాను.

తిరిగొచ్చేసరికి బల్లేలు తోటకూర కాడల్లా వాలిపోయాయి. ఒకడికైతే మోకాళ్ళే వంగిపోయాయి, అచ్చం నాలాగే.

వాడు తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. ఇక సరే అంటాడు, తువ్వాలు ఆరేస్తాడు, తలుపేసుకుంటాడు, అయిపోయింది అనుకున్నా. అంతే, ఒక్కసారి ఇల్లు లేచిపోయింది!

'నాన్నా! నీకేమైనా బుద్ధుందా? ప్లాస్టిక్కును తీసుకెళ్ళి ఇస్త్రీపెట్టె పక్కన పెడతావా? నోరుంది కదా, ఒక్క మాట అడగలేవా? ఎప్పుడూ ఇంతే నువ్వు! మంచి చేస్తాననుకుంటూ కొంప ముంచుతావు! వారం రోజులు కూర్చున్నాను వీటికి, తెలుసా? వారం!'

అమ్మడూ, నేను తలొంచుకుని నిలబడ్డాను కానీ లోపల బాజాలు మోగుతున్నాయి. వాడి మెడ మీద నరం ఉబ్బింది. కళ్ళల్లో నిప్పులు. ఏడాది దాటింది తల్లీ, వాడి గొంతు పైకి లేచి. నాకు లేకుండా పోయాడనుకున్న కొడుకు తువ్వాలు భుజానేసుకుని నా ఎదురుగా నిలబడి కేకలేస్తున్నాడు. ఇంకో నాలుగు తిట్టరా నాయనా అని అనబోయి నాలుక కరుచుకున్నా.

'నవ్వుతున్నావా? పైగా నవ్వు కూడానా?' అన్నాడు.

'లేదురా' అన్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. వాడు చూసి ఆగిపోయాడు. 'అంత తిట్టానా?' అన్నాడు మెల్లగా. 'చాల్లేదు' అన్నాను.

తర్వాత వాడే వేణ్ణీళ్ళు పెట్టి, ఒక్కొక్కటీ ముంచి, బల్లేన్ని వేళ్ళ మధ్య నిటారుగా పట్టుకుని, చన్నీళ్ళలో దించాడు. ముగ్గురు మళ్ళీ సైనికులయ్యారు. నాలుగోవాడి మోకాళ్ళు మాత్రం లొంగలేదు. వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, బల్లేనికి ఆనుకుని కునుకు తీస్తున్నట్టు నిలబెట్టి, కళ్ళు మూసినట్టు రంగు వేశాడు. సాయంత్రం కండక్టరు వచ్చి చూసి, 'అరే, మన డిపో వాచ్‌మన్!' అని పొట్ట పట్టుకున్నాడు. మీ తమ్ముడు నవ్వాడు. ఈసారి కొలత అక్కర్లేదు, తానులు తానులుగా నవ్వాడు.

నా నిర్వాకం తెలిస్తే వాణ్ణి వెంటనే గోడౌనుకు పంపమంటావని భయపడి నీకు ముందే రాయలేదు, కోప్పడు. తిట్లు ఇప్పుడు నాకు పంచదారే.

నాన్న

*

గోడౌను ఆఫీసు,
బుధవారం

నాన్నా,

వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యి మీద కూర మాడింది. మీ అల్లుడు మాట్లాడకుండా తిన్నారు.

నా మాట కూడా విను. వాడు నా చెయ్యి పట్టుకుని స్కూలుకొచ్చినవాడు. ఫోనులో వాడి సరే విన్న ప్రతిసారీ నాకు ఆ పూట నిద్ర రాదు. అందుకే కుర్చీ వెతికాను, నీ కొడుకును బస్తాను చెయ్యడానికి కాదు. ఆ మాట నన్ను పొడిచింది నాన్నా.

యజమాని ఇంక ఆగనన్నాడు. ఈ ఆదివారం మీ అల్లుడు కారు పంపుతున్నారు. అదే రోజు మీ ఆట అని నాకు తెలుసు. వద్దని నువ్వు చెబితే వినను. వాడు తుమ్మినా నువ్వు ఊరేగింపు చేస్తావు, నీ మాట మీద వాడి బతుకు తేల్చలేను. వాడికి రావాలని లేకపోతే వాడే చెప్పాలి. వాడి నోటితోనో, వాడి చేతి రాతతోనో.

ఈ ఉత్తరం వాడికి చూపించు.

నీ కూతురు

*

మధ్య గది,
శుక్రవారం

అక్కా,

నేను రాను.

నీకు సరే అని చెప్పినప్పుడు నువ్వేం అడిగావో కూడా సరిగా వినలేదు. అది నా తప్పు. బావగారికి నేనే ఫోను చేసి చెబుతాను. గోడౌను మంచి చోటే. కానీ అక్కడ కూర్చుంటే ప్రతి లారీ చప్పుడుకూ నేను ఎక్కడి నుంచి పారిపోయి వచ్చానో గుర్తొస్తుంది.

నాన్నకు చెప్పనిది ఒకటి నీకు రాస్తున్నాను, నీ దగ్గరే ఉంచుకో. ఆ రోజు నుంచి నా చేతులు వణికేవి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి, అందుకే నాన్న ముందు ఏదీ పట్టుకునేవాణ్ణి కాదు. రంగులు మొదలుపెట్టినప్పుడు కూడా రెండు మణికట్లూ బల్లకు ఆనించి వేసేవాణ్ణి. కళ్ళు మాత్రం చివరికి వదిలేశాను. తెల్లచుక్క, దాని మీద నల్లచుక్క. కాస్త కదిలితే నక్కకు మెల్లకన్ను. మొన్న అన్నీ పూర్తయ్యాయి. ఇద్దరికి మాత్రం మెల్ల వచ్చింది. వాళ్ళను వెనక వరసలో పెట్టాను.

ఆదివారం ఓడిపోతానని కండక్టరు ముందే చెప్పాడు. అయినా వెళ్తున్నాను. కారు పంపకు. నువ్వు రావాలనుకుంటే ఎప్పుడైనా రా, నన్ను తీసుకెళ్ళడానికి మాత్రం కాదు.

తమ్ముడు

*

గోడౌను ఆఫీసు,
శనివారం

నాన్నా,

కారు రావడం లేదు. ఈ మాట చేరేసరికి నీకు ఎలాగూ తెలిసిపోతుంది. వాడి ఉత్తరం వచ్చింది. ఏం రాశాడో అడక్కు, చెప్పను. యజమానికి మీ అల్లుడు ఇంకెవరినో చూసిపెట్టారు.

'నేను రాను' అన్న ముక్కను ఎన్నిసార్లు చదువుకున్నానో. ఎవరైనా కాదంటే నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆటలో ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి. ఊరేగింపు చేసినా పర్వాలేదు.

నీ కూతురు

*

కుట్టు గది,
సోమవారం

అమ్మడూ,

ఊరేగింపుకు అనుమతి దొరికింది కదా, ఇక చూసుకో!

నడిచే వెళ్ళాం. అట్టపెట్టెలో దూది పరిచి పటాలాన్ని పడుకోబెట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు వాడు పట్టుకున్నాడు. నేను పట్టుకుంటానన్నాను. 'నువ్వు ముట్టుకోకు' అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత ఆనందమో!

సైకిల్ షాపు మేడ మీద పొడుగాటి బల్ల. అట్టతో కొండలు, అద్దం ముక్కతో ఏరు, దాని మీద వంతెన. చుట్టూ అందరూ గడ్డాలవాళ్ళూ, బట్టతలలవాళ్ళూ, పొట్టలవాళ్ళూ. వీడికి పోటీ మందుల షాపు ఆవిడ. జుట్టు ముగ్గుబుట్ట, చూపు సూది. ఆవిడవి రాతి మనుషులు, ఒక్కొక్కడు నా పిడికిలంత. మన నక్కలు వాళ్ళ మోకాళ్ళ దాకా వస్తే గొప్ప.

పెట్టె తెరిచి వాడు ఒక్కొక్కణ్ణి వంతెన మీద నిలబెడుతుంటే గదిలో మాటలు తగ్గిపోయాయి. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, బల్ల మీదకు వంగి, ముక్కు ఆనించి చూసింది. 'ఈ కుచ్చులు ఎలా వేశారండీ?' అంది. ఇంకో నలుగురు వంగారు. నేను ఆగలేకపోయాను. గోడవార స్టూలు మీంచి లేచి, 'నేను వాళ్ళ నాన్ననండీ!' అన్నాను గట్టిగా. కండక్టరు, 'ఎవరికి, ఆ నక్కలకా?' అన్నాడు. మేడంతా గొల్లుమంది. మీ తమ్ముడు చెవులు ఎర్రగా చేసుకుని, 'నాన్నా, కూర్చో' అన్నాడు. కూర్చున్నా.

ఆట నాకు అర్థం కాలేదు. పాచికలు దొర్లుతాయి, టేపు పెట్టి కొలుస్తారు, ఒక నక్క పక్కకు పోతుంది. వంతెన మీద నలుగురు పోయారు, తర్వాత అరడజను పోయారు. నా ప్రాణం గిలగిల్లాడింది. ఒక్క నక్క పోయినప్పుడల్లా నా కుచ్చు ఒకటి ఊడినట్టుంది. కానీ వాడు చూడాలి! 'అమ్మగారూ, మీ రాతాయన అడుగు ముందుకు జరిగాడు, టేపు పెట్టండి' అంటాడు. 'జరగలేదు' అంటుంది ఆవిడ. 'జరిగాడండీ, వంతెన అంచు దాటాడు!' అని బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కొలిచాడు. జరిగాడు! ఆవిడ రాతి మనిషిని వెనక్కి లాగి, 'బస్సు ఆపినట్టు ఆపారు' అంది, కండక్టరు చెప్పినట్టున్నాడు. నా గుండె జారింది. ఆ మాట విని వాడు ఏమైపోతాడో అని. వాడు పాచికలు ఆమె చేతిలో పెట్టి, 'మీ వంతు' అన్నాడు, అంతే.

ఓడిపోయాడు. ఒక్క నక్క మిగిలింది, అదీ ఏటిలో నిలబడి. ఆవిడ చెయ్యి కలిపి, 'వచ్చే నెల మళ్ళీ రండి, మా రాళ్ళకు మీరే రంగులు వెయ్యాలి' అంది. 'రాళ్ళకు కుచ్చులుండవండీ' అన్నాడు. 'పెట్టిస్తా' అంది.

ఇప్పుడు అసలు సంగతి. కిందికి దిగేసరికి వాన పట్టుకుంది. నా మోకాళ్ళు మొండికేశాయి. దుకాణం చూరు కింద నిలబడ్డాం. వాడు నా కాళ్ళ వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. దూరంగా బస్సు వస్తోంది. నేను, 'వాన తగ్గాక నడుద్దాంలేరా' అన్నాను. వాడు ముందుకెళ్ళి, వానలో నిలబడి, చెయ్యెత్తాడు.

ఎక్కాం తల్లీ. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పటాలం పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. 'గట్టిగా పట్టుకో' అన్నాడు. తను కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నేను చూడనట్టు కిటికీలోంచి చూస్తున్నాను. ఎత్తు దగ్గర బస్సు గుర్రుమంది. వాడి తల ఒక పక్కకు వాలింది, పాట వింటున్నట్టు. మళ్ళీ గుర్రుమంది. కమ్మీ వదిలి మెల్లగా ముందుకు నడిచాడు.

'అన్నా, రెండో గేరులో ఆ గుర్రు ఎప్పటి నుంచి?'

డ్రైవరు అద్దంలో చూసి, 'వారం నుంచి. మెకానిక్కుకు చెబితే, బండి బాగానే ఉంది, నీ చెవే గుర్రుమంటోందన్నాడు' అన్నాడు.

'చెవి కాదు, క్లచ్చు ప్లేటు. ఎత్తులో సగం తొక్కి ఉంచుతున్నావు, అలా ఉంచకు. పూర్తిగా వదిలి చూడు.'

'నువ్వు డ్రైవరువా?'

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నేను పెట్టెను గుండెకు హత్తుకున్నాను.

'ఆఁ' అన్నాడు.

ఇంక వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. గేర్లు, బ్రేకులు, ఏ మలుపులో ఎక్కడ గుంట ఉందో, ఏ డిపోలో మెకానిక్కు ఎంత మొండివాడో. వీడు డ్రైవరు పక్కన ఇంజను మూత మీద ఒక చెయ్యి ఆనించి, ఇంకో చేత్తో గాల్లో గేరు మార్చి చూపిస్తున్నాడు. వాన అద్దాల మీద కొడుతోంది, వాడు దాని వంక చూడనైనా లేదు.

మన స్టాపు వచ్చింది, దాటిపోయింది. నేను పిలవలేదమ్మా.

మీ నాన్న